సన్‌రికు తీరపు రైలుబండి

జపాను ఈశాన్యమున, కొండలు కడలిలోనికి చొచ్చుకొనివచ్చిన తీరమునకు సన్‌రికు అని పేరు. 1896లో సునామీ ఇచట సుమారు 22,000 మందిని పొట్టను బెట్టుకొన్నది. ఈ తీరమునకు రైలు కావలెనను కోరిక నాటినుండియు ఉన్నదే. జాతీయ రైల్వే నష్టములకు వెరచి చేయి విడువగా, ఇవాటె ప్రాంతీయ ప్రభుత్వమును, తీరపు పట్టణములును కలిసి కంపెనీని నెలకొల్పి, 1984 ఏప్రిల్ 1న డీజిలు బండ్లు నడిపిరి. మొదటి పదేండ్లు లాభము వచ్చినది. పిదప ప్రయాణికులు తగ్గిరి.

2011 మార్చి 11న సునామీ మరల వచ్చి పట్టాలను, వంతెనలను, షిమనొకొషి స్టేషనును తుడిచిపెట్టినది. మియకోలోని ప్రధాన కార్యాలయమున విద్యుత్తు లేదు. ఉద్యోగులు స్టేషనులో నిలిచియున్న డీజిలు బండిలోనే కార్యాలయము పెట్టుకొనిరి. ఐదవనాడు కుజి, రికుచు-నోదా స్టేషనుల నడుమ బండి కదలినది. ఆ నెలాఖరువరకు టిక్కెట్టు అడుగలేదు.

2014 ఏప్రిల్ 6 నాటికి మార్గమంతయు తిరిగి తెరువబడినది. 2019 మార్చి 23న, అంతవరకు వేరొక కంపెనీ చేతనున్న నడిమి భాగమును చేరి, సకరి నుండి కుజి వరకు 163 కిలోమీటర్ల ఒకే దారి ఏర్పడినది. ఆ అక్టోబరులో తుపాను తెంచగా, 2020 మార్చి 20న మరల కలిపిరి.

ఈ చరిత్ర చదువునప్పుడు మాకు తోచినది ఒక్కటే. జమాఖర్చులలో ఈ బండి నష్టపు పద్దే కావచ్చును. ఆ ఐదవనాడు బండి ఎక్కినవారి లెక్క ఏ పుస్తకమున కెక్కును?