వంటయింటి గోడబీరువా

పూర్వము మన యిండ్లలో వంట కూర్చుండి చేయు పని. పొయ్యి నేలమీద, కత్తిపీట నేలమీద, రోలు నేలమీద. చేయెత్తి యందుకొనవలసినవి ముఖ్యముగా రెండు: పాలుపెరుగులుంచు ఉట్టి, జాడీలు దాచు అటక. ఉట్టి పిల్లికి అందరాదనియే కట్టుదురు గాని దాని త్రాటిని ఇల్లాలి చేతికి సరిచూచియే ముడివేయుదురు. నిలుచుండి వండుటకు గట్టు, ఆ గట్టుపై గోడకు బిగించు బీరువా మనకు వెలుపలినుండి వచ్చినవి. వచ్చునప్పుడు తమ కొలతలను గూడ వెంటదెచ్చుకొన్నవి. ఆ కొలతలెక్కడివో కొంత చెప్పదలచితిమి.

అమెరికాలో 1869లో కాథరిన్ బీచర్, ఆమె చెల్లెలు హారియట్ బీచర్ స్టో గృహనిర్వహణమును గూర్చి యొక గ్రంథము ప్రకటించిరి. ఆవిరినౌకలో రెండువందలమందికి వండు సామగ్రి యంతయు నొక యిరుకుగదిలో అమరుచుండగా, ఇంటిలో ఇల్లాలు వస్తువువస్తువునకును నడచి యలయనేల యని అందు వాదించిరి. ఒకటి రెండడుగులలో అన్నియు చేతికందవలె ననుట వారి సూత్రము.

ఈ సూత్రమునకు పూర్ణరూప మిచ్చినది వియన్నాలో 1897లో పుట్టిన మార్గరెటె షూటె లిహోట్స్కీ. మొదటి మహాయుద్ధానంతరము ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఇండ్లకు కరవు వచ్చెను. నగరపాలకులు ఎర్నెస్ట్ మే యను శిల్పి యాజమాన్యమున శ్రామికకుటుంబములకు చిన్నచిన్న యిండ్లు కట్టింపసాగిరి. వాటికి 1926లో ఈమె వంటయిల్లు రచించెను. వెడల్పు ఇంచుమించు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. రైలు భోజనశాలల వంటగదులు ఆమెకు మాదిరి. కిటికీక్రింద పనిబల్ల, ఎత్తు మార్చుకొనదగు పీట, గోడకు అద్దపుతలుపుల బీరువాలు, పప్పుబియ్యములకు పిడిగల అల్యూమినియం సొరుగులు. ఇంచుమించు పదివేల యిండ్లలో ఈ వంటయిల్లు అమర్చిరి. విచిత్రమేమనగా, తా నంతవరకు వంట చేసి యెరుగనని ఆమెయే పిమ్మట చెప్పుకొనినది. ఆ సొరుగులు పసిపిల్లల చేతికి సరిగా అందు ఎత్తున నుండుటచే తల్లులు చిక్కుపడిరి. అమ్మకు అందవలెను, బిడ్డకు అందరాదు. ఉట్టి కట్టిన మన ముత్తవ్వలు ఎదుర్కొన్న సమస్యయు నిదియే గదా!

అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్, పిమ్మట పన్నెండుమంది బిడ్డల తల్లియు యంత్రశాస్త్రవేత్తయు నైన లిలియన్ గిల్బ్రెత్, గట్టు ఎత్తు పనిచేయు స్త్రీ పొడవునుబట్టి యుండవలెనని స్పష్టముగా చెప్పిరి. కాని కర్మాగారములకు ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్క కొలత యనిన గిట్టుబాటు కాదు. గట్టు 36 అంగుళములు. దానిపై 18 అంగుళముల యెడము. నేలనుండి 54వ అంగుళమున బీరువా అడుగు. బీరువా ఎత్తు 30, లేదా 36, లేదా 42. ఎనిమిదడుగుల కప్పునకు ఈ లెక్క చక్కగా సరిపోవును. కప్పునకు సరిపోయినది, మరి చేతికో?

ఈ ప్రశ్న మాకు ముందు తోచలేదు. మేము ఇల్లు కట్టించునప్పుడు వడ్రంగి ఈ కొలతలే తెచ్చెను. మన యిండ్లలో ఏడడుగుల ఎత్తున సజ్జ వేయుట వాడుక గనుక, 54 మొదలు 84 అంగుళముల వరకు బీరువా సజ్జక్రింద ఇమిడిపోయినది. అంగుళమైన వ్యర్థము కాలేదని మురిసితిమి. మా యింటావిడ మాత్రము, "ఇది మీకు అందుతుంది, మాకో?" అని యడిగినది. విని యూరకుంటిమి. మరుసటి కార్తికమున మా తల్లిగారు పైయరలోని కందిపప్పుడబ్బా కొఱకు పీట యెక్కి జారిపడిరి. మణికట్టు విరిగినది. దోషము వడ్రంగిది కాదు.

అప్పుడు గాని కొలబద్ద చేతబట్టలేదు. మన దేశపు స్త్రీల సగటు పొడవు ఇంచుమించు 5 అడుగులు. అమెరికా స్త్రీలది అంతకు నాలుగంగుళములు ఎక్కువ. మా యింటావిడ నాలుగడుగుల పదకొండంగుళములు. గట్టుకు ఆనుకొని చేయి చాపగా వ్రేళ్లకొనలు 70వ అంగుళమును తాకినవి. డబ్బాను పట్టి దింపగలిగినది 66 వఱకే. బీరువాలో అరలు 54, 64, 74 అంగుళములయొద్ద నుండెను. మూడవ యర ఆమెకు లేనట్లే.

రాతిపలక నెత్తించి గట్టును 32 అంగుళములకు దించితిమి. ఎడమును 16 చేసి బీరువా అడుగును 48కి తెచ్చితిమి. అరలిప్పుడు 48, 57, 66. మూడును చేతికి వచ్చినవి. ఎడము తగ్గుటచే మిక్సీ పెద్దగిన్నెతో దానిక్రింద నిలువదు. బీరువా లేని మూలకు దానిని జరిపినారు. పొయ్యిపైని బీరువా నసలే తీసివైచితిమి. అగ్నికిని కొయ్యకును నడుమ 30 అంగుళములైన నుండవలె నన్న నియమము ఆ చిన్నగోడపై కుదురలేదు. గంగాళము, పెద్దగిన్నెలు సజ్జమీదనే యున్నవి. పండుగలకు నిచ్చెన వేసి దింపుట మా పని.

ఇక మా పెద్దవాడు ఐదడుగుల పదంగుళముల మనిషి. ఆదివారము వంట వానిది. కూరలు తరుగునప్పుడు నడుము నొచ్చుచున్నదని గొణిగెను. వానికొఱకు నాలుగంగుళముల కాళ్లతో ఒక తరుగుపలక చేయించి గట్టుమీద పెట్టితిమి. ఆదివారము సాయంకాలము దానిని కడిగి గోడకు ఆనించి పోవును.