ఫోటోషాప్ యాక్షన్ల పుట్టుపూర్వోత్తరాలు

ఫోటోషాప్‌లో చేసిన పనులను రికార్డు చేసి తిరిగి నడిపించే యాక్షన్స్ ప్యానెల్ అడుగున కనిపించే చతురస్రం, వృత్తం, త్రికోణం ఫోటోగ్రఫీకి సంబంధించిన గుర్తులు కావు. ఆపు, రికార్డు చెయ్యి, నడిపించు అని చెప్పే టేప్ రికార్డరు మీటలవి. పాటల యంత్రానికీ ఫోటోల దిద్దుబాటుకూ ఉన్న ఈ వింత చుట్టరికాన్ని వెదుకుతూ వెళ్తే, 1988లో ఆపిల్ సంస్థ మెకింతోష్ సిస్టమ్ 6తో పాటు అందించిన మాక్రోమేకర్ అనే చిన్న ప్రోగ్రాము ఎదురవుతుంది. మౌస్, కీబోర్డులతో చేసిన పనిని ఒకసారి పట్టి ఉంచి, కోరినప్పుడల్లా తిరిగి చేయించే ఆదేశాల వరుసను మాక్రో అంటారు. అటువంటి మాక్రోలను తయారుచేసే ఈ ప్రోగ్రాము తెరమీద అచ్చంగా టేప్ రికార్డరులాగే కనిపించేది.

చేతి పనిని పట్టి ఉంచాలన్న కోరిక అంతకన్నా పాతది. 1904లో జర్మనీకి చెందిన వెల్టే సంస్థ పియానో విద్వాంసుల వాదనాన్ని కాగితపు చుట్టకెక్కించి, విద్వాంసుడు లేకుండానే పియానో చేత వాయింపజేసింది. అయితే పియానో మెట్లు ఎన్నడూ చోటు మారవు, కంప్యూటరు తెరమీది కిటికీలు మాత్రం నిమిషానికో చోట ఉంటాయి. మాక్రోమేకర్ క్లిక్ ఎక్కడ పడిందో గుర్తుంచుకునేదే తప్ప దేనిమీద పడిందో ఎరుగదు గనుక, బటన్ కాస్త జరిగితే చాలు, ఆ క్లిక్ వట్టి చోట పడి పని అక్కడితో ఆగేది. సిస్టమ్ 7 వచ్చాక అది కనుమరుగైంది, విండోస్ 3.0తో వచ్చిన రికార్డర్ కూడా విండోస్ 95లో లేకుండా పోయింది.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ముచ్చటైన ఘట్టం 1991 నాటి ఈగర్. వాడుకరి చేసి చూపిన పనినుంచే కంప్యూటరు ఆ పని నేర్చుకోవాలన్న ఆలోచనను 1975లోనే డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ తన స్టాన్‌ఫర్డ్ సిద్ధాంతగ్రంథంలో పిగ్మాలియన్ అనే వ్యవస్థగా రూపొందించగా, ఆపిల్‌లో పనిచేసిన ఆలెన్ సైఫర్ దానిని హైపర్‌కార్డ్ అనే ప్రోగ్రాములోకి ఈగర్ రూపంలో తెచ్చాడు. ఈగర్‌లో రికార్డు మీటే లేదు. అది మౌనంగా గమనిస్తూ ఉండి, ఒకే పని మళ్లీ మళ్లీ జరుగుతోందని పసిగట్టగానే తెరమీద ఓ పిల్లి బొమ్మను చూపేది; తర్వాత నొక్కబోయే దానికి ముందే ఆకుపచ్చ రంగు పూసి, తన ఊహ సరైనదో కాదో వాడుకరినే తేల్చుకోనిచ్చేది; నమ్మకం కుదిరి పిల్లిమీద నొక్కితే మిగిలిన పనంతా తానే ముగించేది. ఆ పిల్లి ఆనాటి ఫోటో ప్రోగ్రాములలోకి అడుగుపెట్టకపోవడం నిజంగా నష్టమే, ఎందుకంటే వాటికి దక్కింది చెప్పినది చేసే బంటే కానీ, గమనించి అడిగే తోడు కాదు.

థామస్, జాన్ నోల్ సోదరుల సృష్టిగా 1990లో వెలువడిన ఫోటోషాప్‌లో యాక్షన్లు 1996లో, 4.0 సంచికతో వచ్చాయి. అవి మౌస్ తిరిగిన చోట్లను వదిలిపెట్టి, ఏ ఆదేశం ఏ విలువలతో జరిగిందో నమోదు చేసుకున్నాయి. కిటికీ ఎక్కడున్నా, బొమ్మ పరిమాణాన్ని మార్చే ఆదేశం ఆదేశంగానే నడుస్తుంది. చిక్కులు మాత్రం పూర్తిగా తీరలేదు: ఎత్తును పిక్సెళ్లలో రికార్డు చేస్తే అడ్డం ఫోటోకు కుదిరినది నిలువు ఫోటోకు కుదరదు; ‘సేవ్ యాజ్’ వేళ ఫైలు పేరును టైపు చేస్తే ఆ పేరూ యాక్షన్‌లో చేరిపోయి, జాగ్రత్త పడకపోతే ఒక ఫోటోమీద మరొకటి కూర్చుంటుంది. ఎంపిక చేసిన భాగం బొమ్మ పరిమాణాన్ని బట్టి సర్దుకోవాలంటే రూలరు కొలమానాన్ని ముందే శాతాలలోకి మార్చుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు.

తెలుగు ఊళ్ల స్టూడియోలలో 4×6 అంగుళాల కాగితంమీద పాస్‌పోర్ట్ ఫోటోలను వరుసగా పేర్చడానికి ఈ యాక్షన్లే ఆధారం. నెగటివ్‌మీద పెన్సిల్‌తో ఒక్కో ముఖాన్ని దిద్దిన పాత రిటచింగ్ పనితనానికి మాత్రం ఇందులో చోటు లేదు. 2012లో వచ్చిన ఫోటోషాప్ సీఎస్6 సంచిక బ్రష్ గీతలను కూడా రికార్డు చేసే వీలు కల్పించినా, ఒక ముఖంమీది మొటిమను చెరిపిన గీత తర్వాతి ముఖంలో చెవిమీద పడవచ్చు కాబట్టి, యాక్షన్ నడుమ ‘స్టాప్’ అనే మెట్టును చేర్చి, అక్కడ ఆగి ఆ ముఖాన్ని చేత్తోనే దిద్ది, ఆపై మిగిలిన మెట్లను నడిపించుకోవలసి ఉంటుంది.