రొట్టె కోసం ఖానాజంగీ: ఫ్రాంకో ఫౌజ్‌లో మొరాకో సిపాయిలు

ఉర్దూ మీడియం స్కూల్లో మాకు అందలూస్ తారీఖ్ బాగానే చెప్పారు. తారిఖ్ బిన్ జియాద్ సముద్రం దాటడం నుంచి 1492లో గర్నాతా చేజారడం దాకా. కానీ 1936లో ముసల్మాన్ సిపాయిలు మళ్లీ అదే సముద్రం దాటి స్పెయిన్ వెళ్లారని, అదీ ఒక క్రైస్తవ జనరల్ తరఫున లడాయికి వెళ్లారని నాకు చాలా ఏళ్ల తర్వాతే తెలిసింది.

ఆ జులైలో ఫ్రాంకో, మరికొందరు సేనానులు ఎన్నికైన రిపబ్లిక్ హుకూమత్ మీద తిరగబడ్డారు. ఫ్రాంకో ఫౌజ్ స్పెయిన్ ఏలుబడిలోని ఉత్తర మొరాకోలో ఉంది. హిట్లర్, ముస్సోలినీ పంపిన విమానాలు దాన్ని సముద్రం దాటించాయి. 1939 దాకా సాగిన ఆ ఖానాజంగీలో 60 వేల నుంచి 80 వేల మంది మొరాకో వాళ్లు ఫ్రాంకో వైపు పోరాడారని అంచనా.

హైరానీ ఏమిటంటే, పదేళ్ల ముందే రిఫ్ కొండల ప్రజలు అబ్దుల్ కరీం ఖత్తాబీ వెంట ఇదే స్పెయిన్‌తో జంగ్ చేశారు. స్పెయిన్ వాళ్ల మీద విషవాయు బాంబులు కురిపించింది. మరి ఆ జాలిమ్ ఫౌజ్‌లోనే ఎందుకు చేరారు?

మొదటి జవాబు భూక్. వానల్లేవు, పంటల్లేవు. పేరు రాయించుకుంటే తన్ఖా ముందే చేతికొచ్చేది, ఇంటికి నూనె, చక్కెర, రొట్టె అందేవి. రెండోది దబావ్. ఊరి పెద్దలైన ఖాయిద్‌లే స్పెయిన్ అధికారుల కోసం కుర్రాళ్లను పోగుచేశారు. దీన్ మాట ఆ తర్వాతే వచ్చింది. రిపబ్లిక్ వాళ్లు ఖుదాను నమ్మరని, ఇది ఈమాన్ ఉన్నవాళ్ల పోరాటమని ప్రచారం చేశారు. 1937లో హాజీల కోసం ఫ్రాంకో ఓడ కూడా ఏర్పాటు చేశాడు.

ఆ ఫౌజ్ చేసిన జుల్మ్‌నూ దాచకూడదు. 1936 ఆగస్టులో బడాజోస్‌లో జరిగిన ఖత్లే ఆమ్‌లో మొరాకో దళాలకూ భాగముంది. ఆకలి దానికి మాఫీ కాదు.

రిపబ్లిక్ చేతిలోనూ ఒక మౌకా ఉండేది. మొరాకోకు ఆజాదీ ఇస్తే ఫ్రాంకో వెనక తిరుగుబాటు లేపుతామని 1936లోనే మొరాకో జాతీయవాదులు కబురు తెచ్చారు. ఫ్రాన్స్‌కు కోపం వస్తుందని మాడ్రిడ్ కాదంది. తమకు ఆజాదీ ఇవ్వని హుకూమత్ కోసం ఆ రైతుబిడ్డలు ఎందుకు ప్రాణాలివ్వాలి?

అందుకే ఎక్కడైనా ‘ముసల్మానులు మజ్‌హబ్ కోసం కొట్టుకున్నారు’ అని చదివితే, నేను ముందు రెండు సంగతులు వెతుకుతాను. ఆ ఏడు వాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగిందా? పేర్లు రాయించింది ఎవరు?