మజ్జకు మేలు చేసే మందే ముంచింది

సూర్యారావుపేటలో మందుల షాపు నడుపుతుంటాను. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఎవరెత్తినా నా నోరు ఊరుకోదు. కొల్లేటికి అవతల భీమవరంలో 1895లో పుట్టారాయన. మన డెల్టాలో ఆయన మాట వస్తే నోబెల్ రాలేదన్న బాధ దగ్గరే ఆగిపోతాం. నాకైతే 1947లో బోస్టన్‌లో జరిగిన పరీక్షే అసలు ఘట్టం.

ఆయన సోదరులిద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. విరేచనాలు ఆగవు, ఒంట్లో రక్తం నిలవదు. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో, ఆయన బృందమే తయారుచేసింది. మజ్జలో రక్తకణాలు పుట్టాలంటే అది ఉండాల్సిందే. బోస్టన్ పిల్లల ఆసుపత్రి పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ ఆ కోవ మందుల్నే లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. తీరా మజ్జ తీసి పరీక్షిస్తే క్యాన్సర్ కణాలు తగ్గకపోగా ఇంకా జోరందుకున్నాయి.

తిండి పెడితే పెరిగేది, మాడిస్తే చస్తుంది కదా! ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపిస్తూ, దాని చోట దూరి పని చెడగొట్టే పదార్థాలు లెడర్లీ నుంచి వెళ్లాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను 1947 డిసెంబరు చివర్లో మొదలుపెట్టారు. ఆ మందు ధాటికి పిల్లలకు నోరు పూసిపోయేది. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితం వచ్చింది: 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమేనని శీర్షికలోనే చెప్పుకున్నారు. నా దగ్గరికొచ్చే కంపెనీ రెప్‌ల కాగితాల్లో అంత నిజాయితీ ఎప్పుడూ చూడలేదు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకే, సుబ్బారావు గారు పోయారు.

అమినోప్టెరిన్ తర్వాత మూలపడింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నిలదొక్కుకుంది. లుకేమియా పిల్లలకు ఇవాళ్టికీ అదే వారం వారం బిళ్ల. నా కౌంటర్ దగ్గర ఎక్కువగా కీళ్లవాతం వాళ్లే అడుగుతారు. "బాబాయి గారూ, రోజూ కాదండీ, వారానికి ఒక్కరోజే" అని చెప్పి, స్ట్రిప్ మీద ఎర్ర పెన్నుతో రాసిస్తాను. రోజూ మింగితే మజ్జే దెబ్బతింటుంది. చీటీలో దాని కిందే, వేరే రోజుకు, ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. ఒకదానికొకటి పడవు కదా, రెండూ ఎందుకని అడిగేవాళ్లు తక్కువ. ఎవరైనా అడిగారా, వెనక జనం విసుక్కున్నా సరే, పెర్ల్ రివర్ నుంచి మొదలుపెడతాను.