రూప్సా ఒడ్డున రుహుల్ అమీన్

బంగ్లాదేశ్‌లో సైనికుడికి ఇచ్చే అన్నిటికన్నా పెద్ద పతకం పేరు 'బీర్ శ్రేష్ఠో'. అంటే వీరశ్రేష్ఠుడు. 1971 యుద్ధానికి గాను ఏడుగురికే ఇచ్చారు. ఏడుగురికీ చనిపోయాకే ఇచ్చారు. ఏడుగురూ ముస్లిములు. వాళ్ళలో ఆఫీసర్లు ఇద్దరే. మిగతా అయిదుగురూ కింది హోదాల వాళ్ళు. నౌకాదళం నుంచి ఒకే ఒక్కడు, మొహమ్మద్ రుహుల్ అమీన్.

అతను ఓడ అడుగున, వేడిలో, నూనె మరకల మధ్య ఇంజను చూసుకునే మెకానిక్. నోవాఖాలీ ప్రాంతపు పల్లెటూరి మనిషి. 1953లో పాకిస్తాన్ నేవీలో చేరాడు. దానికి ముందటేడే, 1952 ఫిబ్రవరి 21న, బెంగాలీని కూడా రాజభాష చెయ్యమన్న పిల్లల మీద ఢాకాలో పోలీసులు తుపాకులు పేల్చారు. ఉర్దూ మా ఇంటి భాష. మా అమ్మీలు మమ్మల్ని జోకొట్టిన భాష. అదే ఉర్దూ అక్కడ సర్కారు చేతిలో లాఠీ అయింది. తప్పు భాషది కాదు, లాఠీ పట్టుకున్న చేతిది.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో మారణకాండ మొదలుపెట్టింది. అప్పటికి రుహుల్ అమీన్ చిట్టగాంగ్ నౌకా స్థావరంలో ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళ నౌకరీ వదిలేసి, సరిహద్దు దాటి త్రిపుర చేరాడు. ముక్తి సేనతో కలిసి నేల మీద పోరాడాడు. తర్వాత విమోచన పోరాటానికి ఒక నౌకాదళం కావలసి వచ్చింది. ఓడలు లేవు. కలకత్తా పోర్టు ట్రస్టు రెండు టగ్ పడవలిచ్చింది. పెద్ద ఓడల్ని లాగే ఆ మామూలు పడవలకి ఫిరంగులు బిగించి, 'పద్మ', 'పలాశ్' అని పేర్లు పెట్టారు. రుహుల్ అమీన్‌కి పలాశ్ ఇంజన్‌గది అప్పగించారు.

డిసెంబర్ 10న ఆ పడవలు, భారత నౌక పన్వేల్‌తో కలిసి, మోంగ్లా దాటి ఖుల్నా వైపు సాగాయి. మధ్యాహ్నం ఆకాశంలో విమానాలు కనిపించాయి. అవి భారత విమానాలే. కానీ కింద ఉన్నవి శత్రువు పడవలనుకుని బాంబులు వేశాయి. ముందు పద్మ దెబ్బతింది. పలాశ్ వదిలేయమని ఆజ్ఞ వచ్చింది. రుహుల్ అమీన్ దూకలేదు. ఇంజను ఆగకుండా చూడాలని కిందికే వెళ్ళాడు. బాంబు పలాశ్‌ని కూడా తాకింది. గాయాలతో రూప్సా నదిలో ఈదుకుంటూ ఒడ్డు చేరాడు.

ఒడ్డున రజాకార్లున్నారు. వాళ్ళు అతన్ని చంపేశారు.

ఈ మాట దగ్గర మేం ఆగక తప్పదు. రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడని అర్థం. హైదరాబాద్ సంస్థానంలో కాసిం రజ్వీ మనుషులకి ఉన్న ఆ పేరే 1971లో తూర్పు పాకిస్తాన్‌లో సైన్యానికి తోడు నడిచిన ముఠాలకీ వచ్చింది. ఇక్కడ మాకు ఆ పేరు తిట్టయింది. గడ్డం కనిపిస్తే రజాకార్. ఉర్దూ వినిపిస్తే రజాకార్. నిజానికి 1948 ఆగస్టులో, హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాసిన ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని చంపింది ఆ రజాకార్లే. ఆ సెప్టెంబర్‌లో పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ లెక్క కట్టింది. వాళ్ళలో ఎక్కువమంది రజాకార్లతో ఏ సంబంధమూ లేని మామూలు ముస్లిములు. రజాకార్ చేతిలో చచ్చిందీ మేమే, రజాకార్ పేరు మీద చచ్చిందీ మేమే. రుహుల్ అమీన్‌ని చంపింది కూడా కలిమా చదివే నోళ్ళే. మతం ఒకటైతే మనుషులంతా ఒకటేనన్న మాటకి ఇంతకన్నా జవాబేం కావాలి?

అదే రోజు, అదే నీళ్ళలో ఇంకో నావికుడున్నాడు. పేరు చిమన్ సింగ్. అతనూ ఆఫీసరు కాదు. పడవ మునిగి, ఒంట్లో ఇనుప ముక్కలు దిగినా, మునిగిపోతున్న ఒక నేవీ అధికారినీ ఒక ముక్తిబాహిని యోధుణ్ణీ ఒడ్డుకి చేర్చాడు. వాళ్ళిద్దరూ తప్పించుకోడానికి తను శత్రువుకి ఎదురెళ్ళి పట్టుబడ్డాడు. యుద్ధం ముగిశాక విడుదలయ్యాడు. భారత ప్రభుత్వం మహావీర చక్ర ఇచ్చింది. రెండు దేశాలు, రెండు మతాలు, రెండు పతకాలు. నీళ్ళు మాత్రం ఒకటే.

మేం ఈ పతకాన్ని మా దేశభక్తికి సర్టిఫికెట్‌గా చూపించడానికి ఈ కథ చెప్పడం లేదు. పతకం లేని ముస్లిం కూడా ఈ నేల మనిషే. రోజూ ఎవరో ఒకరికి రుజువు చూపించుకునే బతుకు మాకొద్దు. మేమడిగేది ఒక్కటే. రజాకార్ అనే మాట నోటికొచ్చినప్పుడు, ఆ రజాకార్ చంపిన ముస్లిం పేరు కూడా గుర్తుండాలి.

రుహుల్ అమీన్‌ని ఊరివాళ్ళు రూప్సా ఒడ్డునే పాతిపెట్టారు. సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. పతకం అతని చేతికి ఎన్నడూ రాలేదు. అతను అంటిపెట్టుకున్నది ఇంజన్‌గదిని మాత్రమే.