విశ్వాసమూలమైన నీతి

మనిషి దేవుని ఎదుట నీతిమంతుడిగా నిలబడేది తన సత్క్రియల లెక్క వల్ల కాదు, యేసుక్రీస్తును నమ్ముకోవడం వల్లనే అని చెప్పే క్రైస్తవ సిద్ధాంతం ఇది. తెలుగు సంఘాల్లో దీన్ని ‘విశ్వాసమూలంగా నీతిమంతులుగా తీర్చబడటం’ అంటారు. పాపక్షమాపణ, దేవునితో సమాధానం, ఆయన పిల్లలయ్యే హక్కు దీని ఫలాలు. అన్నిటికీ ఆధారం దేవుని కృప. ఆ కృపను అందుకునే చెయ్యి విశ్వాసం. పదహారో శతాబ్దంలో పశ్చిమ ఐరోపా క్రైస్తవ్యం చీలిపోవడానికి దారితీసిన ప్రధాన వివాదం కూడా ఇదే.

అయితే ఈ మాట మొదట గట్టిగా వినపడింది భోజనాల దగ్గర. ఒకటో శతాబ్దం నడుమ, సిరియాలోని అంతియొకయలో యూదులూ అన్యజనులూ ఒకే సంఘంగా ఉండేవారు. అక్కడికి వచ్చిన అపొస్తలుడు పేతురు మొదట్లో అన్యజన విశ్వాసులతో కలిసే తిన్నాడు. యెరూషలేము నుంచి అక్కడి సంఘ పెద్ద యాకోబు తరఫువాళ్లు కొందరు రాగానే, సున్నతి తప్పనిసరి అనే పక్షానికి జంకి వేరే పంక్తికి జరిగాడు. మిగతా యూదు విశ్వాసులూ, ఆఖరికి పౌలు సహచరుడు బర్నబా కూడా, అతని వెంటే వెళ్లారు. అపొస్తలుడు పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఈ తగువు చెబుతూనే, ధర్మశాస్త్ర క్రియలతో ఎవరూ నీతిమంతులు కారని, క్రీస్తుపై విశ్వాసంతోనే అవుతారని తేల్చేశాడు. అన్యజనులు దేవుని ప్రజలు కావాలంటే ముందు యూదులుగా మారాలా? అక్కడి ప్రశ్న అది.

సుమారు క్రీ.శ. 57లో కొరింథు నుంచి రోమీయులకు రాసిన పత్రికలో పౌలు దీన్ని నెమ్మదిగా, వివరంగా వాదించాడు. నాలుగో అధ్యాయంలో అబ్రాహామును సాక్ష్యానికి పిలుస్తాడు. వాదన బలమంతా సంఘటనల వరుసలో ఉంది. అబ్రాహాము దేవుని వాగ్దానాన్ని నమ్మడం, ఆ నమ్మకాన్ని దేవుడు నీతిగా లెక్కించడం ఆదికాండము 15వ అధ్యాయంలో. సున్నతి ఆజ్ఞ 17వ అధ్యాయంలో. మోషే ధర్మశాస్త్రం వచ్చింది ఇంకెన్నో తరాల తర్వాత. అంటే నీతి ముందే దక్కింది, సున్నతి దానికి వేసిన ముద్ర మాత్రమే. కాబట్టి సున్నతి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ అబ్రాహాము తండ్రే అవుతాడు. పౌలు రాసిన వాటిలో ఇంత పకడ్బందీ తర్కం మరోచోట అరుదు.

అదే అబ్రాహామును యాకోబు పత్రిక మరోలా చూపిస్తుంది. ఇస్సాకును బలిపీఠం మీద ఉంచిన ఘట్టాన్ని తీసుకుని, క్రియలు లేని విశ్వాసం చచ్చినదే అంటుంది. ఇద్దరికీ చుక్కెదురని పైకి అనిపిస్తుంది గానీ, వాళ్లు మాట్లాడుతున్నది వేర్వేరు మనుషులతో. ఆకలితో, బట్టలేక వచ్చినవాణ్ణి తీపిమాటలతో పంపేసే భక్తుడు యాకోబుకు ఎదురుగా ఉన్నాడు. తన ఆచారాన్ని అర్హతగా చూపించి ఇంకొకణ్ణి బయట నిలబెట్టే భక్తుడు పౌలుకు ఎదురుగా ఉన్నాడు. ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసమే లెక్కలోకి వస్తుందని పౌలు కూడా గలతీయులకు రాశాడు.

మనిషి తన స్వశక్తితో దేవుని ఆజ్ఞలు నెరవేర్చగలడన్న పెలాగియస్ బోధను ఐదో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్ ఖండించాడు. మంచిని కోరుకోవడానికి కూడా ముందు కృప కావాలన్నాడు. అయితే ఆయన దృష్టిలో దేవుడు పాపిని నీతిమంతుడని ప్రకటించి ఊరుకోడు, లోపలి నుంచి అలా మారుస్తాడు. మధ్యయుగమంతా పశ్చిమ సంఘం ఈ దారిలోనే నడిచింది.

1505లో ఎర్‌ఫుర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరి, తర్వాత ఈ దారినే ప్రశ్నించిన మార్టిన్ లూథర్ మొదట ఉపవాసాలు చేశాడు, గంటల తరబడి పాపాలు ఒప్పుకున్నాడు. అయినా మనసు కుదుటపడలేదు. ఏ పాపమైనా గుర్తు రాకుండా మిగిలిపోతే? చేసిన పశ్చాత్తాపం నిజమైనది కాకపోతే? తర్వాత విట్టెన్‌బర్గ్‌లో ఆచార్యుడై 1515-16లో రోమా పత్రిక మీద పాఠాలు చెప్పాడు. పత్రిక మొదటి అధ్యాయంలోని ‘దేవుని నీతి’ అన్న మాటకు పాపిని దండించే నీతి అన్న అర్థమే ఆయన నేర్చుకున్నాడు. అందుకే అది చదివితే దేవుని మీద కోపం వచ్చేదని 1545లో, చావుకు సుమారు ఏడాది ముందు, గుర్తుచేసుకున్నాడు. రాత్రింబవళ్లు ఆలోచించగా, అది దేవుడు పాపికి ఉచితంగా ఇచ్చే నీతి అని తట్టిందట. 1520లో వెలువడిన ‘క్రైస్తవుని స్వేచ్ఛ’ అనే చిన్న పుస్తకంలో దీన్ని పెళ్లితో పోల్చాడు: వధువు అప్పులన్నీ వరుడివవుతాయి, వరుడి ఆస్తి అంతా వధువుది అవుతుంది. ఈ మార్పిడిలో నీతి మనిషి సొంతం కాదు, క్రీస్తు నీతే అతనికి ఆపాదించబడుతుంది. అందువల్ల విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ, పాపీ.

ఈ వివాదంతో వచ్చిన చీలికను పూడ్చేందుకు 1541లో రేగెన్స్‌బర్గ్‌లో కాథలిక్, ప్రొటెస్టెంట్ పండితులు కూర్చుని ఈ అంశం మీద ఉమ్మడి వ్యాసం రాసుకున్నారు. రోముకూ లూథర్‌కూ కూడా అది రుచించలేదు. ట్రెంట్ మహాసభ 1547 జనవరి 13న 16 అధ్యాయాలు, 33 నిబంధనలతో కాథలిక్ బోధను స్థిరపరిచింది. నీతిమంతుణ్ణి చేసే కృపను క్రియలతో గానీ విశ్వాసంతో గానీ ఎవరూ సంపాదించుకోలేరని అదీ చెప్పింది. రక్షణకు విశ్వాసం ఆరంభం, పునాది, వేరు అంది. కానీ అది ఒక్కటే చాలునన్న బోధను తోసిపుచ్చింది. నీతి అంటే క్షమాపణతో పాటు అంతరంగ నవీకరణ కూడా అని, మనిషి కృపతో సహకరించాలని పట్టుబట్టింది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు ఈ గొడవలో పెద్దగా తలదూర్చలేదు. రక్షణను అవి దేవుని జీవంలో పాలుపంచుకోవడంగా చూస్తాయి.

ఈ బోధ తెలుగులోకి ముందుగా వచ్చింది లూథరన్ల చేతుల మీదుగా. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ తెలుగు చేసిన లూథర్ చిన్న ప్రశ్నోత్తరి 1740ల్లో జర్మనీలోని హాలేలో అచ్చయింది. 1842లో అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరాడు. ఆ పని నుంచే 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో పౌలును మళ్లీ చదవడం మొదలైంది. స్వీడన్ పండితుడు క్రిస్టర్ స్టెండాల్ 1963లో, లూథర్ అంతరాత్మ వేదనను మనం పౌలుకు అంటగడుతున్నామన్నాడు. ఇ. పి. సాండర్స్ 1977లో, నాటి యూదు మతం పుణ్యం కూడబెట్టుకునే మతం కాదని, దేవుని కృపతో కుదిరిన నిబంధనే దానికి ఆధారమని చూపించాడు. సున్నతి, ఆహార నియమాలు యూదులను అన్యజనుల నుంచి వేరుచేసే గుర్తులని, పౌలు పోరాటం ఆ గోడ మీదనని జేమ్స్ డన్ వంటివారు వాదించారు. లూథర్ చదివింది తప్పని దీనర్థం కాదు. నలిగిన మనస్సాక్షికి ఆ పత్రికలు ఇచ్చే ఊరట నిజమైనదే. కానీ బాప్తిస్మం తర్వాత కూడా పెళ్లి సంబంధాల్లో కులం చూసుకునే తెలుగు క్రైస్తవులకు అంతియొకయ తగువు రెండువేల ఏళ్ల నాటి పాత సంగతి కాదు.

1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, రోమన్ కాథలిక్ సంఘం ఈ సిద్ధాంతం గురించిన ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మన యోగ్యతను బట్టి కాక కేవలం కృపచేత, క్రీస్తు రక్షణకార్యంపై విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, సత్క్రియలకు బలమిచ్చేది కూడా ఆయనేనని దాని సారాంశం. పదహారో శతాబ్దపు ఖండనలు ఈ ప్రకటనలో చెప్పిన బోధకు వర్తించవని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. అంతకుముందు ఏడాది జర్మనీలో వందమందికి పైగా ప్రొటెస్టెంట్ వేదాంత ఆచార్యులు దాని ముసాయిదాను వ్యతిరేకించారు. తర్వాత 2006లో మెథడిస్టులు చేరారు, 2016లో ఆంగ్లికన్లు దాని సారాన్ని స్వాగతించారు, 2017లో విట్టెన్‌బర్గ్‌లో రిఫార్మ్డ్ సంఘాల ప్రపంచ కూటమి జతకలిసింది. తెలుగు సంఘాలకూ ఈ ఒప్పందంతో సంబంధం ఉంది. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం లూథరన్ సమాఖ్యలో సభ్యసంఘం. మెదక్, దోర్నకల్, కృష్ణా-గోదావరి, రాయలసీమ అధ్యక్ష మండలాలున్న దక్షిణ ఇండియా సంఘానికి ఆంగ్లికన్, మెథడిస్టు, రిఫార్మ్డ్ కూటములు మూడింటిలోనూ సభ్యత్వం ఉంది.