బ్యాటరీ ఆటో మైలేజీ పడిపోయిందా? సెట్ మొత్తం మార్చే ముందు ఈ పరీక్షలు చేయించండి

కొన్న కొత్తలో ఒక్క చార్జింగ్‌తో నిజామాబాద్ నుంచి బోధన్‌ వెళ్లి వచ్చిన బండి, ఏడాది తిరిగేసరికి ఎడపల్లి దాటగానే మొరాయిస్తుంటే ఏం చేయాలి? చాలామందికి దొరికే సమాధానం ఒక్కటే: 'సెట్ పోయింది, నాలుగూ మార్చాలి'. రోజు గిరాకీ మీద బతికే డ్రైవర్‌కు అది నెలల సంపాదనతో సమానం. నిజంగా నాలుగూ పోయాయా, ఒక్కటే పోయిందా, అసలు తప్పు బ్యాటరీదేనా అన్నది తేల్చడానికి ఒక రాత్రి, ఒక ఉదయం చాలు.

ఈ వివరాలు లెడ్ యాసిడ్ బ్యాటరీలతో నడిచే ఈ-రిక్షాలకు, సరుకు బండ్లకు వర్తిస్తాయి. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో వృద్ధుల కోసం నడిపే బ్యాటరీ కార్లు, హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో సందర్శకులను తిప్పే బండ్లు, గోల్ఫ్ మైదానాల్లోని కార్టుల వంటి వాహనాల్లో ఈ రకం బ్యాటరీలు ఉన్నా పరీక్ష పద్ధతి ఇదే.

ఒక్క బ్యాటరీ బలహీనపడితే బండి మొత్తం ఎందుకు ఆగుతుంది?

48 వోల్టుల బండిలో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు ఉంటాయి. ఒకదాని మైనస్‌ను తర్వాతిదాని ప్లస్‌కు కలుపుతూ వరుసగా బిగిస్తారు. అన్నింటిలోనూ ఒకే కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి బలహీనమైనది ముందుగా ఖాళీ అవుతుంది. మిగతా మూడింటిలో శక్తి ఉన్నా బండి లాగదు. అలాగే నడిపితే దానిలోని సెల్స్ ఉల్టా చార్జ్ అయ్యే ప్రమాదమూ ఉంది. చార్జింగ్‌లో పెట్టినప్పుడు అదే ముందుగా నిండి, వేడెక్కి, నీళ్లు తాగేస్తుంది.

లెక్క వేసి చూద్దాం. 48 వోల్టులు, 100 ఏహెచ్ సెట్‌లో నిల్వ ఉండేది 4.8 యూనిట్లు. అందులో 80 శాతం వాడుకుని, కిలోమీటరుకు 50 వాట్ అవర్లు ఖర్చవుతుందనుకుంటే దాదాపు 76 కిలోమీటర్లు నడుస్తుంది. సెట్ సామర్థ్యం 60 శాతానికి పడిపోతే అదే బండి 46 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. బోధన్‌కు రానుపోను 50 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి తిరుగు ప్రయాణం మధ్యలోనే నిలిచిపోతుంది.

ముందు వీటిని చూడండి

బ్యాటరీని అనుమానించే ముందు చూడాల్సినవి నాలుగు.

1. టైర్లలో గాలి తగ్గినా, బ్రేకులు పట్టేసినా మైలేజీ పడిపోతుంది. బండిని చేత్తో తోసి చూడండి. సులువుగా కదలకపోతే లోపం అక్కడే ఉండొచ్చు.
2. టెర్మినళ్లపై తెల్లగా, పచ్చగా చిలుము పట్టిందా? తినే సోడా కలిపిన నీళ్లతో తుడిచి ఆరనివ్వండి. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచాలి.
3. నడిపి వచ్చాక ఏదైనా వైరు కొస కాలుతోందా, కరిగిందా? బిగింపు వదులైతేనే ఇలా అవుతుంది.
4. చార్జర్ పూర్తిగా చార్జ్ చేస్తోందా? రాత్రి కరెంటు పోయి చార్జింగ్ సగంలో ఆగితే నాలుగు బ్యాటరీలూ సమానంగా తక్కువ చూపిస్తాయి.

మల్టీమీటర్‌తో మొదటి పరీక్ష

బ్యాటరీలను పూర్తిగా చార్జ్ చేసి, చార్జర్ తీసేసి, కనీసం ఆరు గంటలు బండిని కదపకుండా ఉంచాలి. రాత్రంతా ఉంచితే మరీ మంచిది. చార్జర్ తీసిన వెంటనే చూస్తే పాడైన బ్యాటరీ కూడా మంచి రీడింగే ఇస్తుంది. తర్వాత ఒక్కో బ్యాటరీని విడిగా కొలవాలి.

- 12.6 నుంచి 12.7 వోల్టులు: పూర్తి చార్జ్
- 12.2 దగ్గర: దాదాపు సగం
- 11.8 దగ్గర: ఖాళీ అయినట్టే

గోల్ఫ్ కార్టుల్లో 6 వోల్టులు లేదా 8 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. పూర్తి చార్జ్‌లో మొదటిది 6.3, రెండోది 8.4 వోల్టులకు పైగా చూపాలి.

ఇక్కడ అంకె కంటే తేడా ముఖ్యం. మూడు 12.6 దగ్గర ఉండి నాలుగోది 12.1 చూపిస్తే అనుమానం దాని మీదే. అయితే వోల్టేజీ బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. బరువు పడినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

బరువు మీద రెండో పరీక్ష

బ్యాటరీ షాపుల్లో ఉండే లోడ్ టెస్టర్‌తో ఒక్కోదాన్ని చూపించుకోవచ్చు. అది దొరక్కపోతే రోజూ ఎక్కించుకునే బరువుతోనే 20 కిలోమీటర్లు నడిపి, బండి ఆపిన వెంటనే నాలుగింటినీ కొలవండి. మిగతావాటి కంటే అర వోల్టు, అంతకుమించి పడిపోయినది బలహీనమైనదే. బరువు మీద ఉండగా 12 వోల్టుల బ్యాటరీ 10.5 వోల్టుల కిందకు జారిందంటే అది ఖాళీ అయిందని అర్థం. మిగతా మూడూ నిలబడి అదొక్కటే అక్కడికి పడిపోతే లోపం దొరికినట్టే. బండి నడుస్తుండగా సీటు ఎత్తి వైర్లపై చేతులు పెట్టొద్దు.

ఏ సెల్ పోయిందో చెప్పేది హైడ్రోమీటర్

నీళ్లు పోసే మూతలున్న బ్యాటరీల్లో ఇదే నమ్మకమైన పరీక్ష. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. ప్రతి సెల్‌లోని యాసిడ్ సాంద్రతను విడివిడిగా రాసుకోవాలి. పూర్తి చార్జ్‌లో ఎంత ఉండాలో బ్యాటరీ మీదే ముద్రిస్తారు. 1.240 నుంచి 1.280 మధ్య కంపెనీని బట్టి మారుతుంది. ఒక సెల్‌కు, మరో సెల్‌కు మధ్య తేడా 0.050 దాటితే ఆ సెల్ దెబ్బతిన్నట్టు.

ఎండాకాలంలో కొలిస్తే చిన్న సవరణ అవసరం. 27 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకి 0.0007 కలపాలి. యాసిడ్ 40 డిగ్రీల వేడి మీద ఉంటే 0.009 కలిపి లెక్కించాలి.

అన్ని సెల్స్‌లోనూ సమానంగా తక్కువ ఉంటే తొందరపడొద్దు. అది తరచూ అరకొర చార్జింగ్ చేసిన ఫలితం కావచ్చు. పూర్తిగా చార్జ్ చేసి మళ్లీ కొలిచాకే నిర్ణయానికి రండి.

ఒకటి మార్చాలా, నాలుగూ మార్చాలా?

- సెట్ కొని కొద్ది నెలలే అయి, ఒక్కటే పోతే: అదే కంపెనీ, అదే రకం, అదే ఏహెచ్ బ్యాటరీ వేయించుకోవచ్చు. వారంటీ ఉంటే ముందు అది వాడుకోండి.
- సెట్ పాతబడి మిగతావి కూడా సామర్థ్యం కోల్పోతే: నాలుగూ మార్చడమే మేలు. పాత మూడింటి మధ్య కొత్తది వేస్తే కొత్తది కూడా త్వరగా దెబ్బతింటుంది.
- లెడ్ యాసిడ్ స్థానంలో లిథియం వేయాలనుకుంటే: చార్జర్ కూడా మార్చాలి. బండి తయారీ కంపెనీని అడగకుండా చేయొద్దు. లిథియం ప్యాక్‌ను విప్పడం, అతుకులు వేయడం ప్రమాదకరం. దాన్ని సర్వీస్ సెంటర్‌లోనే చూపించాలి.

మార్చేటప్పుడు జాగ్రత్తలు

ఒక్కో బ్యాటరీ 25 కిలోలకు పైనే ఉంటుంది కాబట్టి ఇద్దరుండాలి. ఉంగరం, కడియం తీసేయండి. పానాకు ఇన్సులేషన్ టేపు చుట్టండి. వైర్ల వరుసను ముందే ఫొటో తీసుకోండి. తాళం తీసేసి, మొదట ప్రధాన మైనస్ వైరు విప్పాలి. బిగించేటప్పుడు దాన్నే చివరగా కలపాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు. గాలి ఆడని గదిలో చార్జింగ్ పెట్టొద్దు. యాసిడ్ కంట్లో పడితే పావుగంట పాటు మంచి నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వారంటీ ఇవ్వకపోతే ఎక్కడికి వెళ్లాలి?

కొన్నప్పుడు జీఎస్టీ బిల్లు, నాలుగు బ్యాటరీల సీరియల్ నంబర్లు రాసి డీలర్ ముద్ర వేసిన వారంటీ కార్డు తప్పక తీసుకోండి. ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారు, ఎప్పటి నుంచి కొంత ధర తగ్గించి ఇస్తారు అన్నది అప్పుడే అడగాలి. మీరు చేసిన పరీక్షల రీడింగులు తేదీలతో రాసి ఉంచితే వాదించడానికి బలం ఉంటుంది.

డీలర్ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే నిజామాబాద్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు ఉండదు.

2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన విద్యుత్ వాహనాల మినహాయింపు రోడ్డు పన్నుకు, రిజిస్ట్రేషన్ ఫీజుకు మాత్రమే. బ్యాటరీ మార్పిడి ఖర్చుకు అది వర్తించదు.

పాత బ్యాటరీని ఏం చేయాలి?

పాత సీసానికి విలువ ఉంది. కొత్త సెట్ ధరలో ఎంత తగ్గిస్తారో అడిగి బిల్లులో రాయించుకోండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది. చెత్తలో కలపకుండా సేకరణదారులకు అప్పగించడం వినియోగదారుల బాధ్యత. ఇంటి వెనుక పగలగొట్టి సీసం కరిగించే వారికి అమ్మొద్దు. ఆ పొగ, ఆ మట్టి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. రక్తంలో సీసం ఎంత తక్కువున్నా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కొత్త సెట్ ఎక్కువ కాలం రావాలంటే

- ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు వద్దు. వాటిలోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి. యాసిడ్ అసలే పోయకూడదు.
- చార్జింగ్ పూర్తయ్యాకే నీళ్లు నింపాలి. ప్లేట్లు తేలి ఉంటే మాత్రం అవి మునిగేంత వరకు ముందే పోయాలి.
- బండిని పూర్తిగా ఆగిపోయే దాకా నడపొద్దు. ఖాళీ బ్యాటరీని రోజుల తరబడి అలా వదిలేయొద్దు.
- బ్యాటరీ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది నిపుణుల అంచనా. నిజామాబాద్ ఎండల్లో నీడన నిలపండి. నడిపి వచ్చాక చల్లారనిచ్చి చార్జింగ్ పెట్టండి.
- నెలకోసారి నాలుగు బ్యాటరీల వోల్టేజీని పుస్తకంలో రాయండి. ఏది వెనకబడుతోందో బండి ఆగకముందే తెలుస్తుంది.